రెక్క మీది గాలిని కొలుచుట

కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాద్ నిజాంసాగర్ నీటితో పండెడి సీమలోనిది. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ ఊరు మండల కేంద్రమైనది. ఆ సీమకు నీరు మాత్రము అంతకు చాలముందే వచ్చినది. మంజీరా నదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము నవాబు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1931 నాటికి పూర్తియైనది. నాటినుండి అక్కడి పిల్లలు కాలువ నీటిని చూచుచు పెరుగుచున్నారు. వారు దినదినము చూచు ఒక చిన్న వింతతో ఈ విషయమును ఆరంభింపవచ్చును.

కాలువ నిండుగా పారుచున్న దినమున వంతెనపై నిలిచి క్రిందికి చూడవలెను. స్తంభముల నడుమ దారి ఇరుకగును. వచ్చిన నీరంతయు ఆ ఇరుకులోనుండియే పోవలెను గనుక అక్కడ వేగము హెచ్చును. వేగము హెచ్చినచోట నీరు ఉబ్బునని తోచును గాని జరుగునది దానికి విరుద్ధము. స్తంభముల నడుమ నీటిమట్టము కొంచెము దిగి, వంతెన దాటిన పిమ్మట మరల లేచును. సెకనుకు ఒక మీటరు వేగముతో వచ్చు నీరు ఇరుకులో సెకనుకు ఒకటిన్నర మీటరు వేగమును అందుకొన్నచో మట్టము సుమారు 6 సెంటీమీటర్లు పడిపోవును. వేగము పెరిగినచోట ఒత్తిడి తగ్గినదనుటకు ఆ పల్లమే సాక్ష్యము. స్విట్జర్లాండు గణితవేత్త డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన జలగతి శాస్త్రగ్రంథములోని సూత్రమునకు ఇంతకంటె సులువైన ఉదాహరణము దొరకుట కష్టము.

ఆ గట్టుననే నిలిచి తలయెత్తి చూచినప్పుడు, చాల ఎత్తున ఒక విమానము తెల్లని గీత గీయుచు పోవుచున్నదనుకొందము. డెబ్బది టన్నుల లోహమును, మనుషులను, సామానులను ఆకాశమున నిలుపునది ఏది? క్రింద కాలువలో కనబడిన పల్లమునకు, పైన విమానమును మోయుచున్న బలమునకు మూలమొక్కటే. కాలువలో ఒత్తిడి తగ్గినచోట నీరు దిగి కంటికి కనబడుచున్నది. గాలిలో అట్టి గుర్తు ఏదియు కనబడదు. కనుకనే రెక్కపై ఒత్తిడిని కొలుచుట ఒక పెద్ద విద్యయైనది.

పాఠశాలలలో చెప్పెడి వివరణ ఒకటి కలదు. రెక్క పైభాగము వంపుగా ఉండుటచేత అక్కడి దారి పొడవు. క్రిందిభాగము చదునుగా ఉండుటచేత ఆ దారి పొట్టి. రెక్క ముందు అంచున విడిపోయిన గాలి వెనుక అంచున ఒక్కసారే కలిసికొనవలెను గనుక పైగాలి త్వరగా పరుగెత్తును. త్వరగా పరుగెత్తుటచే ఒత్తిడి తగ్గును. అందుచే రెక్క లేచును. వినుటకు ఇది చక్కగా ఉన్నది. పరీక్షలో మార్కులును వచ్చును. అయితే ఇందులో ఒక మెట్టు విరిగియున్నది. విడిపోయిన రెండు గాలిపాయలు వెనుక అంచున ఒక్కసారే కలిసికొనవలెనను నియమము ప్రకృతిలో ఎక్కడను లేదు. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన హోల్గర్ బబిన్‌స్కీ ఈ సంగతిని ఉపాధ్యాయుల కొరకే వ్రాసి చూపెను. గాలిసొరంగములో రెక్క ముందు పొగను విడతలు విడతలుగా విడిచి చూడగా, పైపాయ క్రిందిపాయకంటె ఎంతో ముందుగా వెనుక అంచును దాటిపోయినది. పైగాలి వేగము హెచ్చుట నిజమే. ఆ హెచ్చు పాఠములో చెప్పిన దానికంటె ఎక్కువ. చెప్పిన కారణము మాత్రము తప్పు. దారి పొడవే కారణమైనచో తలక్రిందుగా ఎగురు విన్యాస విమానములు నేలకు రావలసియుండును. పిల్లలు చేయు చదునైన కాగితపు విమానములు ఎగురనే కూడదు.

తరగతిలో చేయించు కాగితపు ప్రయోగము గూర్చియు ఇక్కడనే ఒక మాట. సన్నని కాగితపు ముక్కను పెదవుల దగ్గర పట్టుకొని పైన ఊదినచో, వ్రేలాడుచున్న కాగితము లేచును. ‘ఊదిన గాలికి వేగమెక్కువ, కాబట్టి ఒత్తిడి తక్కువ’ అని చెప్పి ఉపాధ్యాయుడు ముందుకు పోవును. ఒక తెలివైన విద్యార్థి అదే కాగితమును నిలువుగా, వంపు లేకుండ పట్టుకొని ఒక ప్రక్కన సమాంతరముగా ఊదినాడనుకొందము. కాగితము ఊపిరి వైపునకు రాదు. వేగమొక్కటే కారణమైనచో అదియు రావలెను గదా! ఊపిరితిత్తుల బలముతో బయటకు వచ్చిన గాలి వేరు, చుట్టునున్న నిశ్చలమైన గాలి వేరు. ఆ రెంటిని ఒకే బెర్నూలీ త్రాసులో వేయరాదు. మొదటి ప్రయోగములో కాగితము లేచుటకు కారణము దాని వంపు.

ఆ వంపు చేయు పనిని తెలుపుటకు వడిసెల చాలును. జొన్నచేలలో పిట్టలను తోలు పిల్లవాడు వడిసెలను త్రిప్పుచుండగా రాయి గుండ్రముగా తిరుగును. దానిని ప్రతిక్షణము లోపలికి లాగుచున్నది త్రాడు. త్రాడు విడిచినంతనే రాయి తిన్నగా పోవును. గాలి రెక్క పైవంపు వెంబడి పోవునప్పుడు అదియు వంకరదారినే పోవుచున్నది. గాలికణమునకు త్రాడు లేదు. దానిని లోపలికి, అనగా రెక్క వైపునకు, నెట్టవలసినది బయటనున్న గాలియే. బయట ఒత్తిడి ఎక్కువగాను, రెక్కను ఆనుకొన్నచోట తక్కువగాను ఉన్నప్పుడే అట్టి త్రోపు కలుగును. రెక్కకు చాల దూరమున ఉన్నది మామూలు వాయుమండలపు ఒత్తిడి. అక్కడినుండి రెక్క వైపునకు వచ్చుకొలది ఒత్తిడి తగ్గుచు, రెక్క తలమును తాకుసరికి మామూలు కంటె బాగుగా తక్కువైయుండును. తక్కువ ఒత్తిడిలోనికి వచ్చు గాలి వేగమందుకొనును. బెర్నూలీ సూత్రము అక్కడ సరిగా సరిపోవును. రెక్క ఈ విధముగా గాలిని వంచి క్రిందికి త్రోయును. గాలి రెక్కను పైకి త్రోయును. న్యూటను మూడవ సూత్రమునకును బెర్నూలీకిని తగవు ఏమియు లేదు. ఒకే లెక్కను ఇరువురు రెండు వైపులనుండి వ్రాసినారు.

ఈ తేడా ఎంత? భారతీయ విమానాశ్రయములలో నిత్యము కనబడు ఎయిర్‌బస్ 320 విమానమును తీసికొందము. నిండుబరువు సుమారు 78 టన్నులు. రెక్కల వైశాల్యము సుమారు 122 చదరపు మీటర్లు. భాగించినచో ప్రతి చదరపు మీటరును మోయవలసినది దాదాపు 640 కిలోగ్రాములు. సముద్రమట్టమున ప్రతి చదరపు మీటరుపై వాయుమండలము వేయు భారము 10 టన్నులకు పైచిలుకు. అనగా రెక్క క్రిందను పైనను ఒత్తిడిలో నూటికి ఆరు వంతుల భేదము ఏర్పడినచో విమానము లేచును! పది టన్నుల భారముతో మన అందరిపైన కూర్చున్న వాయుమండలము తన బలములో ఇంచుక భాగమును ఒకవైపు సడలించినది, అంతే. పదునొకండు కిలోమీటర్ల ఎత్తున మాత్రము ఈ లెక్క మారును. అక్కడి గాలి ఒత్తిడియే సముద్రమట్టపు దానిలో నాలుగవ వంతుకంటె తక్కువ. మోయవలసిన బరువు తగ్గలేదు. అచ్చట కావలసిన భేదము స్థానిక పీడనములో నాలుగవ వంతును మించును. కాలువ గట్టునుండి చూచువారికి తేలికగా జారిపోవునట్లు కనబడు ఆ విమానము పలుచని గాలినుండి ఎంత గట్టిగా పని రాబట్టుచున్నదో దీనిచే తెలియును.

కంటికి కనబడని ఈ భేదమును కొలుచు కథ నదినుండియే మొదలైనది. 1732లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పీటో ఒక గాజుగొట్టమును మొన దగ్గర వంచి, వంచిన నోటిని ప్రవాహమునకు ఎదురుగా ఉంచి పారిస్ నగరమున సేన్ నదిలో ముంచెను. ప్రక్కనే వంపు లేని మరియొక గొట్టముండెను. ఎదురు నోటిలో దూరిన నీరు ఆగిపోవలసి వచ్చి, తన వేగమును ఎత్తుగా మార్చుకొని గొట్టములో పైకి లేచినది. రెండు గొట్టముల మట్టముల భేదమే వేగమునకు కొలత. సెకనుకు మీటరు వేగమునకు నీరు 5 సెంటీమీటర్లు లేచును. వేగము రెట్టింపైనచో లేచునది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, 20 సెంటీమీటర్లు. లోతు పెరిగినకొలది ప్రవాహ వేగము హెచ్చునని ఆనాటి ఇంజనీర్లు నమ్మియుండిరి. పీటో గొట్టము ఆ నమ్మకమును తలక్రిందు చేసినది. ఒక గొట్టపు ముక్క పండితుల తీర్పును రద్దుచేయుట శాస్త్రచరిత్రలో అదియే మొదటిసారి కాదు గాని, చక్కని సందర్భములలో అది ఒకటి. నేడు ప్రతి విమానము ముక్కు దగ్గరనో, రెక్కపైననో ముందుకు చాచియున్న చిన్న గొట్టము పేరు పీటో గొట్టమే.

రెక్కపై ఒత్తిడిని కొలుచుటకు కావలసిన రెండవ పరికరము మన ఊళ్లలో మేస్త్రీల చేతిలోనే ఉన్నది. గోడల మట్టము చూచుటకు వారు వాడు పారదర్శకమైన నీళ్లగొట్టమును చూడనివారుండరు. రెండు కొనలు తెరచియున్నంతవరకు రెండువైపుల నీరు ఒకే మట్టమున నిలుచును. ఒక కొనను నోటిలో పెట్టుకొని మెల్లగా పీల్చినచో ఆవైపు మట్టము లేచును, ఊదినచో దిగును. లేచిన లేక దిగిన మిల్లీమీటర్లే ఒత్తిడి భేదము. శాస్త్రవేత్తలు దీనినే మానోమీటరు అందురు.

రెక్కలో ఒక చిన్న రంధ్రమును తొలిచి, దాని వెనుక సన్నని గొట్టమును అతికి, ఆ గొట్టపు రెండవ కొనను ఈ నీళ్లగొట్టమునకు తగిలించినచో ఆ బిందువున గాలి ఎంత పీల్చుచున్నదో, ఎంత నొక్కుచున్నదో నీరే చెప్పును. పలుకుట తేలిక, రంధ్రము తొలుచుట తేలిక కాదు. అది తలమునకు సరిగా లంబముగా ఉండవలెను. వ్యాసము మిల్లీమీటరును మించరాదు. అంచున కంటికానని లోహపు ముల్లు మిగిలినను గాలి దానిని తట్టుకొని దారి తప్పి, కొలత అబద్ధమగును. వ్రేలితో తడిమినచో రంధ్రమున్నట్లే తెలియరాదు. గాలికి తాను కొలువబడుచున్నట్లు తెలియనీయకుండ కొలుచుటయే ఈ విద్యలోని మర్మము.

ఈ విధమున రెక్కను చిల్లులు పొడిచి చూచిన తొలివారిలో ముఖ్యుడు గుస్తావ్ ఐఫెల్. పారిస్‌లోని ఇనుప గోపురమును 1889లో నిలిపిన ఆ ఇంజనీరే. గోపురమునకు గాలి వలన కలుగు ఒత్తిడిని గూర్చి ఆలోచించిన ఆయన, ముసలితనమున తన గోపురమునుండి పలకలను జారవిడిచి గాలి నిరోధమును కొలిచెను. తరువాత 1909లో గోపురము పాదమున ఒక గాలిసొరంగమును కట్టెను. రెక్క నమూనాలపై రంధ్రముల ద్వారా ఒత్తిడిని బిందువు బిందువునకు కొలిచి ఆయన తేల్చిన విషయము నాటివారిని ఆశ్చర్యపరచినది. విమానమును క్రిందినుండి గాలి నెట్టుచున్నదని అందరును అనుకొనుచుండిరి. ఐఫెల్ కొలతలలో పైతలపు పీల్పే క్రిందితలపు నెట్టుకంటె ఎక్కువగా తేలినది. మామూలు ఎగురుటలో ఉత్థాన బలమున సుమారు మూడింట రెండు వంతులు పైతలమునుండియే వచ్చునని తరువాతి పుస్తకములు వ్రాసినవి. ఆ పీల్పు రెక్కపై సమానముగా పరచుకొనియుండదు. ముందు అంచునకు కొంచెము వెనుక, పైవంపు మొదలగుచోట అది శిఖరమువలె లేచి, వెనుకకు పోవుకొలది వాలిపోవును. ముందు అంచుననే ఒక బిందువున గాలి పూర్తిగా ఆగిపోవును. అక్కడ ఒత్తిడి అన్నిటికంటె హెచ్చు. రెక్కను వంద గొట్టములతో వంద మానోమీటర్లకు కలిపినచో, వరుసగా నిలిచిన రంగునీళ్ల మట్టములే కొండవాలువలె ఆ చిత్రమును గీయును. పాతకాలపు గాలిసొరంగములలో ఆ వరుసను ఫోటో తీసి, పిమ్మట తీరికగా కొలబద్దతో చదివెడివారు.

గాలివేగము తక్కువైనచో మట్టములలో భేదము అతి స్వల్పము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనమునకు ఎదురగు గాలి, ఆగినప్పుడు నీటిని 17 మిల్లీమీటర్లే లేపును. బల్లపై పెట్టుకొను విద్యుత్ పంకా గాలి లేపునది ఒక మిల్లీమీటరు పాటి. అందుచేత గొట్టమును నిలువుగా గాక ఏటవాలుగా పెట్టుదురు. 30 డిగ్రీల వాలున పెట్టినచో ఒక మిల్లీమీటరు ఎత్తు గొట్టము వెంబడి రెండు మిల్లీమీటర్ల పొడవుగా కనబడును. పిల్లలు స్వయముగా చేసి చూడదగిన పని ఇది. ఖర్చు ఒక గజము ప్లాస్టిక్ గొట్టము, నాలుగు చుక్కల సిరా. నేటి ప్రయోగశాలలలో నీటికి బదులు ఎలక్ట్రానిక్ గ్రాహకములు వచ్చినవి. వందలాది రంధ్రములను సెకనుకు అనేక పర్యాయములు చదువుచున్నవి. 1980ల నుండి రంధ్రములే అక్కరలేని పద్ధతియు వచ్చినది. ఒక ప్రత్యేకమైన రంగును నమూనాపై పూసి నీలకాంతి ప్రసరింపజేసినచో అది మెరయును. గాలిలోని ప్రాణవాయువు ఆ మెరుపును అణచును. ఒత్తిడి ఎక్కువైనచోట ప్రాణవాయువు ఎక్కువ, మెరుపు తక్కువ. కెమెరా తీసిన బొమ్మయే ఒత్తిడి పటమగును.

ఒత్తిడిని గాక మొత్తము బలమునే తూచిన వారును కలరు. రైట్ సోదరులు 1901లో చేసిన గ్లయిడరు, జర్మనీ దేశపు లిలియెంతాల్ పట్టికలు చెప్పినంత బలమును ఈయలేదు. వారు నిరాశపడి ఇంటికి వచ్చిరి గాని విడిచిపెట్టలేదు. తమ సైకిళ్ల దుకాణములో ఆరడుగుల చెక్కపెట్టెను గాలిసొరంగముగా చేసి, రంపపు ముక్కలతోను సైకిలు చువ్వలతోను త్రాసు కట్టి, ఇన్నూరు వరకు చిన్న రెక్కలను తూచి చూచిరి. నూరేండ్లకు పైగా అందరును వాడుచున్న ఒక గుణకము తప్పని వారికి తేలినది, 0.005 అనుకొన్నది నిజమునకు 0.0033 దరిదాపు. ఆ కొలతల పునాదిపైననే 1903 డిసెంబరు 17న వారి యంత్రము లేచినది.

మన దేశములో ఈ విద్యకు ఇల్లు బెంగుళూరు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1942 డిసెంబరున వైమానిక శాఖ ఆరంభమైనప్పుడు, దానిని నిలబెట్టిన వి.ఎం. ఘాటగే జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్ల్ వద్ద చదివి వచ్చినవాడు. గాలి తలమును ఆనుకొని పారు అతి పలుచని పొరయే రెక్క గుట్టును దాచుకొన్నదని 1904లో చెప్పిన ప్రాంట్లే ఆయన గురువు. 1951లో అదే శాఖకు వచ్చిన సతీష్ ధావన్, అమెరికాలో తన పరిశోధనగా గాలి ఒరిపిడి బలమును తలముపైననే నేరుగా కొలిచి వచ్చినవాడు. ఇక్కడ ధ్వనివేగమును మించిన గాలిసొరంగములను కట్టించెను. ఆయన పేరు తెలుగునాట పిల్లలకు మరియొక విధముగా తెలియును: శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రమునకు 2002లో ఆ పేరే పెట్టినారు. 1959లో స్థాపితమైన జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967నుండి పనిచేయు 1.2 మీటర్ల సొరంగములో గాలి ధ్వనివేగపు నాలుగు రెట్ల వరకు పోగలదు. తేజస్ యుద్ధవిమానపు నమూనాలు అందులోనే గాలిని తట్టుకొని నేర్చినవి. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన ఆ విమానపు రూపకల్పనకు నాయకుడు, బరంపురము ప్రాంతమున పుట్టిన కోట హరినారాయణ. పిదప ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడైనాడు. తేజస్‌కు తోకరెక్క లేదు, అది తనంత తాను స్థిరముగా నిలువదు. కంప్యూటరు క్షణక్షణము సరిదిద్దుచుండవలెను. ఆ కంప్యూటరుకు కన్నులు ఏవి? గాలి ఒత్తిడిని చదువు గొట్టములే.

నస్రుల్లాబాద్ నుండి బాన్సువాడ, ఎల్లారెడ్డి, మెదక్, నర్సాపూర్ మీదుగా హైదరాబాదు వచ్చువారికి నగరము చేరకముందే దుండిగల్ తగులును. అక్కడి వాయుసేన అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేసెను. 1971లో అది పనిచేయ నారంభించినది. శిక్షణ పొందుచున్న ప్రతి యువకుడును, యువతియు అక్కడ ఒక సంగతిని పుస్తకముతో గాక కడుపులోని తిప్పుతో నేర్చుకొందురు. రెక్కను కొంచెము కొంచెముగా ఎత్తినకొలది పైతలపు పీల్పు శిఖరము ఎత్తుగా పెరుగును, బలము హెచ్చును. సుమారు 15 డిగ్రీల కోణము దగ్గర ఆ శిఖరము హఠాత్తుగా కూలును. పైవంపును అనుసరింపజాలక గాలి విడిపోయి సుడులుగా చెదరును. వంద గొట్టముల మానోమీటరు ముందున్నవారు చూచినచో, కొండవలె ఉన్న నీటి మట్టముల వరుస చదునుగా పడిపోవును. దీనిని స్టాల్ అందురు. తప్పించుకొనుటకు చేయవలసినది స్వభావమునకు విరుద్ధముగా ఉండును: పడిపోవుచున్న విమానపు ముక్కును ఇంకను క్రిందికి దించవలెను. కోణము తగ్గినంతనే గాలి మరల రెక్కను అంటుకొనును.

ఎండకాలము ఈ లెక్కకు మరియొక చిక్కు తెచ్చును. శంషాబాద్ విమానాశ్రయము సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. 2008 మార్చిలో అది తెరవబడువరకు పౌరవిమానములు దిగుచుండిన బేగంపేటది 531 మీటర్లు. మే మాసమున ఉష్ణము 42 డిగ్రీలు ఉన్నప్పుడు, శంషాబాద్ ఎత్తున గాలి సాంద్రత శాస్త్రజ్ఞులు ప్రమాణముగా పెట్టుకొన్న సముద్రతీరపు గాలికంటె నూటికి పదునైదు వంతులు తక్కువ. అదే బరువును లేపుటకు విమానము నూటికి ఎనిమిది, తొమ్మిది వంతులు ఎక్కువ వేగమును అందుకొనవలెను. అందుకొనుటకు ఎక్కువ దూరము పరుగెత్తవలెను. విమానచోదకుని ఎదుటనున్న వేగసూచిక మాత్రము ఈ తేడాను చూపదు. అది ఎప్పటి అంకెనే చూపును. ఇది పరికరపు లోపము కాదు. అది నిజముగా వేగమును కొలుచుట లేదు, పీటో గొట్టములో ఆగిన గాలి ఒత్తిడికిని ప్రక్కనున్న గాలి ఒత్తిడికిని గల భేదమును కొలుచుచున్నది. రెక్కకు కావలసినదియు ఆ భేదమే. సెకనుకు 70 మీటర్ల వేగమున, సముద్రమట్టమున, ఆ భేదము 306 మిల్లీమీటర్ల నీటికి సమానము. బడిపిల్లవాని కొలబద్ద అంత పొడవు.

ఒక కొలబద్ద పొడవు నీటిని నమ్ముకొని నూర్ల మంది ఆకాశమున కూర్చుందురు. ఆ గొట్టము మూసికొనిపోయినచో? 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యుర్తో ప్లాతా నుండి లేచిన బోయింగ్ విమానపు పీటో గొట్టములలో ఒకటి మూసికొని ఉండెను. ఇరువది దినముల వరకు ఎగురక నిలిచిన విమానపు గొట్టములో కందిరీగ మట్టిగూడు కట్టియుండునని విచారణలో భావించిరి. లోపల చిక్కిన గాలి కదలదు. విమానము ఎక్కినకొలది బయటి ఒత్తిడి తగ్గినందున వేగము హెచ్చుచున్నట్లు సూచిక చూపినది. నిజమునకు వేగము తగ్గుచుండెను. విమానము స్టాలై సముద్రమున పడినది. 189 మంది పోయిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 2న పెరూ రాజధాని లీమా దగ్గర ఇంకొక ప్రమాదము. విమానమును కడిగి శుభ్రము చేయునప్పుడు ప్రక్కనున్న స్థిరపీడన రంధ్రములపై అంటించిన టేపును పని ముగిసిన తరువాత తీయుట మరచిరి. రాత్రివేళ, సముద్రముపైన, చోదకులకు వేగమును ఎత్తును ఏదియు నమ్మరాకపోయినది. విమానపు రెక్క నీటిని తాకునప్పుడు ఎత్తుసూచిక 9,700 అడుగులను చూపుచుండెను. 70 మంది.

2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రముపై పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానపు పీటో గొట్టములలో మంచుకణములు చేరినవి. అవి కరిగిపోవుటకు ఒక నిముషము చాలినది. ఆ నిముషములో స్వయంచాలక చోదనము తప్పుకొన్నది. వేగపు అంకెలు తారుమారైనవి. కంగారులో ముక్కును పైకి లాగి, లాగియే ఉంచిరి. రెక్కపై గాలి విడిపోయినది. గొట్టములు కోలుకొని నిజము చెప్పుచున్నను, అప్పటికి నమ్ముటకు వారి మనస్సులో చోటు లేకపోయినది. 38,000 అడుగుల ఎత్తునుండి మూడున్నర నిముషములలో విమానము స్టాల్ స్థితిలోనే సముద్రమును చేరినది. అందున్న 228 మందిలో ఒక్కరును మిగులలేదు. దుండిగల్‌లో మొదటి మాసములలోనే నేర్పునది, ముక్కును దించుము అను ఆ చిన్న పాఠము, ఆ రాత్రి అవసరమైనది.

కనుకనే బయలుదేరుటకు ముందు చోదకుడు విమానము చుట్టును నడచి చూచును. నిలిపియుంచిన విమానపు పీటో గొట్టములకు దుమ్ము, పురుగు చేరకుండ తొడుగులు వేయుదురు. ఆ తొడుగులకు ఎర్రని పొడవైన పట్టీలు వ్రేలాడుచుండును. వాటిపై, ఎగురుటకు ముందు తీసివేయవలెనని వ్రాసియుండును. నడచి చూచువాడు ఆ పట్టీలను తీయించి లెక్కపెట్టుకొనును. రంధ్రములపై ఏమియు అంటుకొని లేదని దగ్గరగా పోయి చూచును. ఆ తరువాతనే మెట్లెక్కును.